జవాను భార్యను, నర్సింగ్ చదవాలని ఉంది: సొంత ఊళ్లోనా, ఆయన పోస్టింగ్ ఉన్నచోటనా?

కందుకూరు అమ్మాయి:
అందరికీ నమస్కారం. నాకు 25 ఏళ్లు. పుట్టిల్లు కందుకూరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ బైపీసీ దాకా అక్కడే చదివాను. అత్తవారిది కావలి. మావారు సైన్యంలో నాయక్. ప్రస్తుతం పంజాబ్‌లో క్వార్టర్ వచ్చింది కాబట్టి నేను, మూడేళ్ల బాబు ఆయనతోనే ఉంటున్నాం. ఏడాదిన్నరలో యూనిట్ కదులుతుంది, ఈసారి ఫీల్డ్ (కుటుంబాన్ని వెంట ఉంచుకోలేని చోటు) అంటున్నారు.

కిందటేడు మా మామగారు నెల్లూరులో పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. రాత్రిళ్లు బయట కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి అక్కడి సిస్టర్ చేసే పనిని చూస్తూ ఉండేదాన్ని. ఒక రాత్రి మానిటర్ మోగకముందే ఆమె లేచి మామగారి మంచం దగ్గరకు నడిచింది. ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ పని నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. సైనికుల భార్యలకు మిలిటరీ కాలేజీలో ఉచితంగా నర్సింగ్ నేర్పిస్తారని మా పక్క క్వార్టర్ ఆవిడ అంటోంది. మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చాలు, త్వరగా ఉద్యోగం వస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. పంజాబ్‌లో మొదలుపెట్టి, బదిలీ అయితే మిగతాది వేరే చోట చదవవచ్చా? తెలిసినవారు చెప్పండి.

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
చెల్లీ, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మధ్యలో కాలేజీ మారవచ్చన్న ఆశ పెట్టుకుని మొదలుపెట్టకు. నర్సింగ్ బీకాం లాంటిది కాదు. ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. వార్డు పోస్టింగులైతే డిగ్రీ చేతికి వచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. ఎన్ని గంటలు పోతే అన్ని గంటలూ తిరిగి చేయాల్సిందే. మీవారి యూనిట్ కదిలిందని నీ లేబర్ రూం గంటలు నీ వెంట రావు.

అందుకే ఎక్కడ మొదలుపెడితే అక్కడే పూర్తిచేస్తానని అనుకుని ఊరు ఎంచుకో. బాబును చూసుకునే మనిషి ఎక్కడ ఉంటే ఆ ఊరు.

చీమకుర్తి రాయి:
మూడేళ్ల పిల్లవాడిని వదిలి, భర్తను పంజాబ్‌లో వదిలి నాలుగేళ్ల చదువా? ఆయన పెన్షన్ తీసుకుని వచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చు కదా. ఈలోపు ఇంట్లో కూర్చుని చేసే పనులు బోలెడు ఉన్నాయి.

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
రాయి గారూ, తీరిగ్గా చదవడానికి వీలు లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో బీఎస్సీకి, జీఎన్ఎంకు ప్రవేశ వయసు గరిష్ఠంగా 35. ఆయన పెన్షన్ తీసుకునే నాటికి ఈ అమ్మాయికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

సుబేదార్ బాబాయ్:
అమ్మాయీ, నేను నెల్లూరు వాడిని. సైన్యం నుంచి వచ్చి చాలాకాలమైంది. సైనిక కుటుంబాల కాగితాల పని మీద జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరుగుతూ ఉంటాను. మీ పక్క క్వార్టర్ ఆవిడ చెప్పింది సగం నిజం. ఆ మిగతా సగమే ఊళ్లలో తిరుగుతూ చాలామందిని ఇబ్బంది పెడుతోంది.

మన వాళ్ల నోట వినిపించే పథకాలు మూడు. ఒకటి, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. అది మాజీ సైనికుల పిల్లలకు, సైనికుల వితంతువులకు. ఆడపిల్లకు నెలకు 3,000 రూపాయలు వస్తాయి. సర్వీసులో ఉన్న జవాను భార్యకు అందులో చోటు లేదు. రెండోది, సైన్యం సంక్షేమ విద్యా సంఘం నడిపే జలంధర్, గువాహటి నర్సింగ్ కాలేజీలు. మీరు పంజాబ్‌లో ఉన్నారు కాబట్టి జలంధర్ మాట మీ చెవిన పడే ఉంటుంది. అవి ప్రధానంగా సైనికుల కూతుళ్ల కోసం పెట్టినవి. మూడోది మన రాష్ట్రంలో ఉన్న సైనికుల కోటా. దాని పేరులోనే ఉంది, సైనికుల పిల్లలు అని. భార్య ఆ మాట కిందికి రాదు. ఇది చెబితే చాలామంది నన్నే కోప్పడతారు. నేను చేసిన రూలు కాదమ్మా.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కూడా లెక్కలు వేసుకోవద్దు. పెళ్లయ్యాక భర్త జీతం కుటుంబ ఆదాయంలో కలుస్తుంది.

పినాకిని తీరం:
నేను మిలిటరీ నర్సింగ్ సర్వీసు (ఎంఎన్ఎస్)లో మేజర్‌గా చేసి వచ్చాను. ఉచిత చదువు గురించి నేను చెబుతాను.

ఆ చదువు ఉన్నది నిజమే. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని ఆరు సైనిక ఆసుపత్రుల కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ. నీట్ రాయాలి. చదువు అయ్యాక లెఫ్టినెంట్‌గా కమిషన్, అంటే ఆఫీసరు హోదా, ఇస్తారు. కానీ ప్రవేశం పెళ్లికాని అమ్మాయిలకు, లేదా విడాకులు పొందిన, చట్టబద్ధంగా విడిపోయిన, లేదా భర్తను కోల్పోయిన, బాధ్యతలు లేని మహిళలకే. జవాను భార్య అయినంత మాత్రాన ఆ నిబంధన సడలదు. కాబట్టి ఆ దారి నీకు లేదు.

ఇంకో దారి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. బయట ఎక్కడైనా బీఎస్సీ నర్సింగ్ చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకున్న మహిళలను షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ల పరిమితి ఉన్న ఆఫీసరు ఉద్యోగం) మీద తీసుకుంటారు. వయసు 21 నుంచి 35. ఇటీవలి నోటిఫికేషన్లలో పెళ్లయినవారికీ అర్హత ఉంది. కంప్యూటర్ మీద పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష.

ఈ "పెళ్లయినవారికీ" అన్న మాట వెనుక పెద్ద కథ ఉంది. పెళ్లి చేసుకుందని 1988లో సర్వీసు నుంచి పంపేసిన ఒక నర్సింగ్ అధికారిణి కోర్టుకు వెళ్లింది. అలా పంపడానికి ఆధారమైన 1977 నాటి ఉత్తర్వును 1995లోనే వెనక్కి తీసుకున్నారు, కానీ ఆమె కేసు మాత్రం నడుస్తూనే ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించమని చెప్పింది. పెళ్లి కారణంగా ఆడవాళ్లను తొలగించే నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు చదివిన రోజు నా బ్యాచ్ వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం.

కందుకూరు అమ్మాయి:
మేడమ్, ధన్యవాదాలు. మీ మాట చదివి మావారికి చూపించాను. ఆయన నవ్వి, "నువ్వు లెఫ్టినెంట్ అయితే నేను నీకు సెల్యూట్ కొట్టాలి" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సుబేదార్ బాబాయ్:
ఆ మౌనం నాకు అర్థమైంది. నవ్వి కొట్టిపారేసే విషయం కాదిది. ఆఫీసర్ల క్వార్టర్లు వేరు, జవాన్లవి వేరు. మెస్సు వేరు. సాయంత్రం కార్యక్రమంలో ఆమె ఒక వరసలో, అతను ఒక వరసలో. తెలుగు ఊళ్లో భార్య కలెక్టర్, భర్త గుమాస్తా అయినా ఇంటికి వచ్చాక ఒకే గుమ్మం. సైన్యంలో గుమ్మం దగ్గరే తేడా మొదలవుతుంది. వద్దని నేను అనను. ముందుగా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి అంటున్నాను.

పినాకిని తీరం:
బాబాయ్ చెప్పింది నిజమే. ఇంకోటి కూడా గుర్తుంచుకో. ఎంఎన్ఎస్ ఆఫీసరుకూ బదిలీలు ఉంటాయి, ఫీల్డ్ ఆసుపత్రులూ ఉంటాయి. అంటే ఇంట్లో ఇద్దరు బదిలీ మనుషులు, మధ్యలో బడికి వెళ్లే పిల్లవాడు. కానీ నీకు 35 వరకు సమయం ఉంది. మీవారు పెన్షన్‌కు దగ్గరపడే రోజుల్లో ఈ ప్రశ్న మళ్లీ వేసుకో, అప్పుడు జవాబు మారవచ్చు. ఆ తలుపు తెరిచి ఉండాలంటే మాత్రం డిగ్రీ కావాలి. జీఎన్ఎం ఒక్కటే ఉంటే దరఖాస్తుకే అర్హత రాదు.

గిద్దలూరు జవాను:
చెల్లెమ్మా, నేనూ జవానునే. మా ఆవిడ బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాదిలో ఉంది. మీ ఆయన వైపు నుంచి ఒక మాట చెబుతాను. మనకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, అది కాక క్యాజువల్ సెలవులు. మొదటి ఏడాది నేను సంక్రాంతికి ఇంటికి వస్తే ఆవిడకు పరీక్షలు. రెండో ఏడాది ఆవిడకు సెలవులు ఇస్తే నేను మంచులో. ఇప్పుడు కాలేజీ క్యాలెండర్ జూన్‌లోనే తెప్పించుకుని, దాన్ని పట్టుకుని సెలవు పెట్టుకుంటున్నాను. ఇంట్లో ఉన్నన్ని రోజులూ వంట నాదే. మొదట్లో మా అమ్మ వింతగా చూసింది. ఇప్పుడు పులుసులో ఉప్పు తక్కువైందని నన్నే తిడుతుంది.

రాయి గారికి: ఫీల్డ్‌లో ఉన్న జవానుకు భార్య ఊళ్లో ఊరికే కూర్చుని ఎదురుచూస్తోందంటే ధైర్యం రాదు. మన ఫోను కలవని రోజున కూడా ఆమె రోజు ఆగకుండా నడుస్తుందంటే వస్తుంది.

కావలి కెరటం:
నా అనుభవం విని జాగ్రత్తపడండి. నేను మావారి పోస్టింగ్ ఉన్న బెంగళూరులో బీఎస్సీలో చేరాను. నాలుగేళ్లూ అక్కడే ఉంటారని నమ్మాం. పద్నాలుగో నెలలో ఉత్తర్వు వచ్చింది. క్వార్టర్ ఖాళీ చేసి, నేను ఒక్కదాన్నే గదిలో ఉండి పూర్తిచేశాను. తెలియని ఊరు, పాపను మా అమ్మ దగ్గర వదిలాను. చదువు అయ్యేసరికి పాప నన్ను "బెంగళూరు అమ్మ" అనేది. నవ్వుతూ రాస్తున్నాను కానీ ఆ రోజుల్లో నవ్వు రాలేదు.

ఆ తరువాత అసలు తలనొప్పి రిజిస్ట్రేషన్. ఏ రాష్ట్రంలో చదివితే ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా నమోదవుతాం. వేరే రాష్ట్రంలో పనిచేయాలంటే పాత కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, కొత్త కౌన్సిల్‌లో మళ్లీ నమోదు కావాలి. ఉత్తరాదిలో ఒక రాష్ట్రానికి వెళ్లినప్పుడు నా పత్రం అటూ ఇటూ తిరిగి చేతికి వచ్చేసరికి ఐదు నెలలు. ఉద్యోగం ఇస్తామన్న ఆసుపత్రి రెండు నెలలు చూసి వేరేవారిని తీసుకుంది. అప్పటి నుంచి పోస్టింగ్ ఉత్తర్వు వచ్చిన రోజే దరఖాస్తు పెడుతున్నాను. సామాను సర్దడం తరువాత, ముందు అది.

కందుకూరు అమ్మాయి:
అక్కా, ఇది ఎవరూ చెప్పలేదు. అయితే మన వైపే చదువుతాను. బాబును మా అమ్మ చూసుకుంటానంది. అత్తవారికి దగ్గరగా ఉంటుందని నెల్లూరులో చేరాలనుకుంటున్నాను. పెళ్లయ్యాక ఆధార్‌లో కావలి చిరునామా కూడా మార్చుకున్నాను, లోకల్ అవుతాను కదా?

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
కాదు! ఇక్కడ చాలామంది ఆడపిల్లలు పొరపాటు పడతారు, కాబట్టి నెమ్మదిగా చదువు.

సీట్ల కేటాయింపులో లోకల్ అనేది నువ్వు చదివిన చోటును బట్టి వస్తుంది. అత్తవారి ఊరినిబట్టి కాదు, ఆధార్‌ను బట్టి అసలే కాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రకాశం జిల్లా ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధి, నెల్లూరు జిల్లా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివావో ఆ పరిధిలో నువ్వు లోకల్. నువ్వు కందుకూరులో చదివావు కాబట్టి ఒంగోలు, గుంటూరు వైపు సీట్లకు లోకల్‌వి. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వారికే. నెల్లూరుకు వెళితే మిగిలిన 15 శాతంలో అందరితో పోటీపడాలి.

సుబేదార్ బాబాయ్:
2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు కదా, అప్పుడో?

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
బాబాయ్ గారూ, ఈ అమ్మాయి ఇంటర్ అంతకు ముందే అయిపోయింది. అప్పుడు కందుకూరు ప్రకాశంలోనే ఉంది. చదివిన స్టడీ సర్టిఫికెట్లే మాట్లాడతాయి. చెల్లీ, తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ల సర్టిఫికెట్లు నీ దగ్గర ఉన్నాయా? ఆరు నుంచి తెచ్చుకుంటే ఇంకా మంచిది. వేసవిలో బడులు మూసేస్తే దొరకవు.

ఇంకోటి. మన రాష్ట్రంలో ఇటీవలి సంవత్సరాల్లో బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీట్లకు ఈఏపీసెట్ ర్యాంకు చూస్తున్నారు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 45 శాతం ఉండాలి. పుస్తకం ముట్టుకుని ఏడేళ్లయినవాళ్లకు ఫిజిక్సే భయం. బయాలజీ, కెమిస్ట్రీ గట్టిగా పట్టుకో.

చీమకుర్తి రాయి:
సరే, చదవనివ్వండి. కానీ జీఎన్ఎంకు ఎంట్రెన్స్ లేదు, ఈ ఏడాదే చేరవచ్చు, మూడేళ్లలో బయటపడవచ్చు. బీఎస్సీకి ఒక ఏడాది చదివి పరీక్ష రాసి, ఆపైన నాలుగేళ్లు. మొత్తం ఐదు. రెండేళ్లు ఎందుకు పోగొట్టుకోవాలి? లెక్క చెప్పండి.

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
ఈసారి మంచి ప్రశ్న వేశారు. లెక్క ఇది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది, 2020 నుంచి పెడుతున్నారు. మన మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోనే. మూలవేతనం 44,900 నుంచి మొదలు. బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ కాగానే రాయవచ్చు. జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. అంటే జీఎన్ఎం మూడేళ్లు, అనుభవం రెండేళ్లు, మొత్తం ఐదు. బీఎస్సీ దారిలోనూ ఐదే. రెండు దారులూ 30వ ఏటనే ఒకే గుమ్మం దగ్గర కలుస్తాయి. తేడా ఏమిటంటే, ఒకరి చేతిలో డిగ్రీ ఉంటుంది.

చిక్కు కూడా చెబుతాను. నార్‌సెట్‌కు వయసు గరిష్ఠంగా 30. బీసీలకు మరో మూడేళ్లు. చెల్లీ, నువ్వు బీసీవైతే క్రీమీలేయర్ కాని ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో తీసుకో. రాష్ట్ర నమూనా అక్కడ చెల్లదు. అది లేకపోతే నీకు దొరికేది ఒక్క ప్రయత్నం, అదీ దొరికితే.

జీఎన్ఎం చేసినవాళ్లను తక్కువ చేయడం లేదు. నేనే జీఎన్ఎం. ఉద్యోగం చేస్తూ ఇగ్నో దూరవిద్యలో మూడేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేశాను. నైట్ డ్యూటీ దిగి కాంటాక్ట్ క్లాసుకు బస్సులో నిలబడి వెళ్లిన రోజులు ఉన్నాయి. నా 33వ ఏట డిగ్రీ వచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గిద్దలూరు జవాను:
దూరవిద్య మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లోనే ఉండి చదివే బీఎస్సీ నర్సింగ్ అని మా ఊళ్లో ఒకరు డబ్బు వసూలు చేస్తున్నారు. నిజమేనా?

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
మోసం. దూరవిద్య అప్పటికే జీఎన్ఎం చేసి, రిజిస్టరై, రెండేళ్లు పనిచేసిన నర్సులకు మాత్రమే. మొదటిసారి నర్సు అయ్యేవారికి వార్డు లేకుండా డిగ్రీ లేదు. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టకండి.

కావలి కెరటం:
ఉద్యోగం ఏది ఎంచుకోవాలన్న దాని మీద ఒక మాట. జీతం ఒక్కటే చూడకండి, బదిలీ వీలు చూడండి. ఒక్కో ఎయిమ్స్ విడి సంస్థ. రైల్వే ఆసుపత్రులు దేశమంతా ఒకే సంస్థ కింద ఉంటాయి, సొంత కోరిక మీదో పరస్పరంగానో బదిలీకి దరఖాస్తు చేసుకోవచ్చు. సీనియారిటీ పోతుంది, అది వేరే బాధ. భార్యాభర్తలు ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని కేంద్ర సిబ్బంది శాఖ 2009లో ఉత్తర్వు ఇచ్చింది. దరఖాస్తుకు దాన్ని జతచేయాలి. అది హక్కు కాదు, కానీ ఆ కాగితం లేని దరఖాస్తు కన్నా బలంగా ఉంటుంది.

సుబేదార్ బాబాయ్:
మాజీ సైనికుల ఆరోగ్య పథకం పాలీక్లినిక్‌లలో కూడా నర్సులను తీసుకుంటారు. కాంట్రాక్టు పనే, భరోసా తక్కువ. కానీ మన మాటా మన మనుషులూ తెలిసిన నర్సు ఉంటే మాలాంటి ముసలివాళ్లకు ఎంత హాయో చెప్పలేను.

కందుకూరు అమ్మాయి:
పది రోజులు కనబడలేదు, క్షమించండి. అమ్మ దగ్గరకు వచ్చాను. సర్టిఫికెట్ల పని మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి రిజిస్టరు ఎక్కడో అడుగున ఉందని బడిలో మూడు రోజులు తిప్పారు. నాలుగో రోజు హెడ్మాస్టరు గారే బీరువా దించి వెతికారు. దొరికింది.

ఒంగోలులోనే చదవాలని నిర్ణయించుకున్నాం. కందుకూరు నుంచి రోజూ బస్సు మీద వెళ్లడం కుదరదని అర్థమైంది, ఉదయం వార్డు డ్యూటీకి అందుకోలేను. అమ్మ, నేను, బాబు ఒంగోలులో చిన్న ఇల్లు తీసుకుంటాం. అద్దె సంగతి మావారు యూనిట్ క్లర్కును అడుగుతానన్నారు. అత్తగారు మొదట ముఖం ముడుచుకున్నారు. మామగారు మాత్రం, "ఆ ఐసీయూ సిస్టర్ లేకపోతే నేను ఇక్కడ కూర్చుని కాఫీ తాగేవాడిని కాను" అన్నారు. ఆ తరువాత ఆవిడ ఏమీ అనలేదు.

సెల్యూట్ సంగతి పదేళ్ల తరువాత మాట్లాడుకుందామని మావారు అన్నారు. 35 దాకానే సమయం ఉందని గుర్తుచేశాను. అయితే తొమ్మిదేళ్ల తరువాత అన్నారు.

పినాకిని తీరం:
మీ ఆయనతో పేచీ ఉండదు. ఫిజిక్స్ మొదలుపెట్టు.

గిద్దలూరు జవాను:
మా ఆవిడ పాత ఈఏపీసెట్ పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఒంగోలు వచ్చే మా బావమరిది చేత పంపిస్తాను. కొన్నింటికి అట్టలు లేవు, బాబు దగ్గర దాచండి.

కొత్త సభ్యురాలు, పొదిలి:
నమస్కారం. నాదీ ఇలాంటి పరిస్థితే, కానీ నేను ఇంటర్‌లో సీఈసీ. ఆయన నేవీలో ఉన్నారు, విశాఖలో. నాకు ఏ దారీ లేదా?

ఒంగోలు స్టాఫ్‌నర్సు:
బీఎస్సీ కుదరదమ్మా, దానికి బైపీసీ ఉండాలి. జీఎన్ఎంకు ఏ గ్రూపైనా అర్హతే, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్ పాసై ఉండాలి. ఆ తరువాత నేను వెళ్లిన దారి ఉంది. మీ మార్కులు, వయసు, పిల్లలున్నారా లేదా, ఇవన్నీ రాస్తూ వేరే చర్చ మొదలుపెట్టండి. డ్యూటీ దిగాక వస్తాను.